ఊదా మూత ట్యూబు

కిందటి వారం మనం ఐరీన్ కాంగస్‌ను ఆస్పత్రి వెనక తలుపు దగ్గర, మంచులో వదిలేశాం. ఆమె చేతుల్లో ఏమీ లేదు. తలలో మాత్రం ఒక అంకె ఉంది. ఆ అంకెతోనే ఇంటికి వెళ్ళింది, దానితోనే తెల్లవార్చింది.

కొత్తగా ఈ కథ అందుకున్నవాళ్ళకి నాలుగు మాటలు. రూడీ సార్వెలా ఆ ఊళ్ళో బడి బస్సు నడిపి రిటైరైన ముసలాయన. మంచు మీద జారిపడి, తుంటి నొప్పితో ఆస్పత్రిలో చేరాడు. ఒంట్లో నీరు తీసే మాత్రలు వాడుతున్నాడు కాబట్టి పొద్దున్నే రక్తంలో పొటాషియం ఎంతుందో చూడమన్నాడు డాక్టరు. నాలుగైదు ఉండవలసింది తొమ్మిదికి దగ్గరగా వచ్చింది. గుండె ఆగిపోయే అంకె అది. దాన్ని దించడానికి హడావిడిగా మందులు ఎక్కించారు. నిజానికి ఆయన ఒంట్లో అంత పొటాషియం లేదు. లేనిదాన్ని దించబోయేసరికి ఉన్నది కాస్తా అడుగంటింది. మధ్యాహ్నం భోజనాల వేళకి రూడీ సార్వెలా లేడు.

తప్పంతా ఆ రిపోర్టు ఫోన్‌లో చెప్పిన ల్యాబ్ టెక్నీషియన్ టెస్సా లూన్స్‌ఫుట్ మీద పడింది. ఎర్రకణాలు పగిలి పాడైపోయిన రక్తాన్ని ఆ పిల్ల గుర్తుపట్టలేకపోయిందన్నాడు ల్యాబ్ మేనేజర్ గోర్డన్ ట్రెవారో. ఆమెను ఇంటికి పంపేశారు. టెస్సా ఒకప్పుడు కాలేజీలో ల్యాబ్ పని నేర్పే ఐరీన్ దగ్గర చదువుకున్న పిల్ల. రక్తం గడ్డకట్టాక పైన తేలే సీరం తేటగానే ఉందని, యంత్రంలో రెండోసారి కూడా పెట్టి చూశానని టెస్సా చెప్పిన మాట ఐరీన్ ఒక్కతే నమ్మింది. విచారణ కోసం దాచిపెట్టిన ఆ సీరాన్ని, ఆస్పత్రిలోనే పనిచేసే పాత స్నేహితురాలి చేత మళ్ళీ పరీక్ష చేయించింది. ఈసారి చూసింది కాల్షియం. తొమ్మిదికి పైన ఉండవలసింది నాలుగు కూడా లేదు.

ఎర్రకణాలు పగిలితే పొటాషియం పెరుగుతుంది. కాల్షియం అలా పాతాళానికి పడిపోదు. ట్రెవారో చెప్పిన కారణం అబద్ధం.

మంగళవారం మధ్యాహ్నం విచారణ. ఆ పొద్దున ఐరీన్ కాలేజీకి మామూలుకన్నా ముందే వచ్చింది. ల్యాబ్ కిటికీలోంచి సుపీరియర్ సరస్సు కనిపిస్తుంది. మార్చి వచ్చినా అది ఇంకా తెల్లగా, కదలకుండా పడి ఉంది. టెస్సా తరఫున మాట్లాడతానని ఐరీన్ మాటిచ్చింది. ఏమని మాట్లాడాలి? ఆ ట్యూబులో వేరే ట్యూబు రక్తం కలిసిందని చెప్పగలదు. కలిపిందెవరని అడిగితే? చెప్పడానికి పేరు లేదు. పేరు లేకపోతే వేళ్ళన్నీ మళ్ళీ టెస్సా వైపే తిరుగుతాయి.

రూడీ పోయిన వారం ఆస్పత్రిలో శిక్షణకి వెళ్ళింది ఆమె విద్యార్థులిద్దరు: వేడ్ బూడ్వాన్, మెరిసా హైకినెన్. విద్యార్థులెవరూ రూడీ ఉన్న అంతస్తుకే పోలేదని ట్రెవారో చెప్పాడు. ఐరీన్ అడగకముందే చెప్పాడు. అదే ఆమెకి ముల్లులా గుచ్చుకుంది.

ఆమె అనుమానం వేడ్ మీద. వేడ్ చేతులు చురుకైనవి, బుద్ధి నిలకడ లేనిది. చేతిలో పని ఉండగానే నోట్లో జోకు ఉంటుంది. రూడీ పోయినప్పటి నుంచీ ఆ కుర్రాడు ఆమె కళ్ళలోకి చూడటం మానేశాడు. హాల్లో ఎదురైతే పక్క గదిలోకి తప్పుకుంటున్నాడు. మెరిసా అలా కాదు. ముందు వరసలో కూర్చుంటుంది, గ్లవ్స్ తీసే పద్ధతి దగ్గర్నుంచీ చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. టెస్సా తర్వాత అంతటి విద్యార్థిని తనకి దొరకలేదని ఐరీన్ తోటివాళ్ళతో అంటుండేది.

ఎవర్నీ పిలిచి నిలదీయదలచుకోలేదు ఆమె. పాఠం చెప్పదలచుకుంది.

తన చేతి నుంచే రక్తం తీయించుకుని, సీరం పరీక్షలకి వాడే పసుపు మూత ట్యూబులోకి కొంత, ఊదా మూత ట్యూబులోకి కొంత పట్టించింది. ఊదా ట్యూబులోది కొంత పసుపు ట్యూబులో పోసి, గిర్రున తిప్పి, పైన తేలిన సీరాన్ని సిద్ధంగా ఉంచింది. పిల్లలంతా వచ్చి కూర్చున్నాక బోర్డు మీద ఒక రోగి కథ రాసింది. నలభై ఏళ్ళ ఆవిడ. మోకాలి ఆపరేషన్‌కి వచ్చింది. గుండె జబ్బు లేదు. పొటాషియం తొమ్మిదికి దగ్గర. రోగి కల్పన, అంకె మాత్రం నిజం.

ఏం చేస్తారని అడిగింది. అందరికన్నా ముందు వేడ్ నోరు తెరిచాడు.

“ముందు పైకెళ్ళి ఆవిడ బతికుందో లేదో చూసొస్తాను.”

కొందరు నవ్వారు. నవ్వనివాళ్ళు కూడా ఉన్నారని ఐరీన్ గమనించింది. రూడీ బస్సెక్కి బడికి పోయిన పిల్లలే సగం మంది ఆ గదిలో. నవ్వు ఆగాక ఆమె సీరాన్ని వెలుతురుకి ఎత్తి చూపించింది. ఎర్రకణాలు పగిలుంటే గులాబీ రంగు వచ్చేదని ఒకమ్మాయి చెప్పింది. ఇది లేత గడ్డి రంగులో తేటగా ఉంది. తిప్పకుండా ఎక్కువసేపు వదిలేశారేమోనని ఇంకొకడన్నాడు. వదల్లేదని చెప్పింది. యంత్రం పాడైందేమో అన్నారు. యంత్రం బాగానే ఉందంది.

అప్పుడడిగింది, ఇదే సీరం మీద ఇంకొక్క పరీక్ష, ఒక్కటే చేసే వీలుంటే ఏది చేస్తారని.

“కాల్షియం,” అంది మెరిసా.

ఏటా ఐరీన్ ఈ ప్రశ్న అడుగుతుంది. ఏటా ఆ జవాబు కోసం పిల్లలు మెల్లగా తడుముకుంటూ, తప్పులు చెప్పుకుంటూ, ఒకరి మీద ఒకరు పడి నవ్వుకుంటూ వస్తారు. ఏ ఏడాదీ అది ఇంత త్వరగా రాలేదు. మెరిసా తల కూడా ఎత్తలేదు. బల్ల మీద పెట్టుకున్న తన చేతుల్నే చూసుకుంటోంది.

సీరాన్ని యంత్రంలో పెట్టారు. అది తిరుగుతున్నంతసేపూ ఐరీన్ పాఠం చెప్పింది. రక్తం గడ్డకట్టాలంటే కాల్షియం కావాలి. రక్తకణాలు లెక్కపెట్టాలంటే రక్తం గడ్డకట్టకూడదు. అందుకని ఊదా మూత ట్యూబు లోపల ఒక పొటాషియం ఉప్పు పూసి ఉంచుతారు. అది కాల్షియాన్ని పట్టేసుకుని వదలదు. ఆ ట్యూబు రక్తం ఇంకో ట్యూబులో కలిసిందంటే పొటాషియం ఆకాశానికి ఎక్కుతుంది, కాల్షియం కనపడకుండా పోతుంది. ఒంట్లో ఏమీ జరగదు, ట్యూబులోనే జరుగుతుంది. తెరమీద కాల్షియం అంకె వచ్చింది. నాలుగు లోపే. పిల్లలు బల్లల మీంచి వంగి చూశారు.

ఇది ఎలా కలిసి ఉంటుందని అడిగింది. ట్యూబులు మార్చే వరస తప్పి సూదికి అంటుకుందేమో అన్నారెవరో.

“అంటుకున్న చుక్కకి ఇంత రాదు,” అన్నాడు వేడ్. ఈసారి జోకు లేదు. “ఎవరో మూత తీసి పోశారు.”

అలా ఎవరు పోస్తారు, పిచ్చిగానీ పట్టిందా అంది వెనక బల్ల అమ్మాయి.

“పిచ్చి కాదు,” అంది మెరిసా. గొంతులో కాస్త కోపం ఉంది. “ట్యూబు గీత దాకా నిండకపోతే యంత్రం వెనక్కి తోసేస్తుంది. మళ్ళీ పొడవాలి. ఆయన నరాలు అసలే దొరకవు. మోచెయ్యంతా కమిలిపోయి ఉంది. ఆ చెయ్యి చూస్తే ఇంకోసారి పొడవడానికి ఎవరికైనా మనసొప్పదు.”

గదిలో ఎవరికీ ఏమీ తట్టలేదు. వేడ్‌కి తట్టింది. అతను బోర్డు వంక చూశాడు, ఆ తర్వాత తన బూట్ల వంక చూసుకున్నాడు. బోర్డు మీద ఐరీన్ చేతిరాతలో “నలభై ఏళ్ళ ఆవిడ” అని పెద్దక్షరాలతో ఉంది.

ఐరీన్ మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. వింత అంకె వస్తే ఫోనెత్తే ముందు ఇంకో పరీక్షతో పోల్చి చూసుకోవాలని, అనుమానం వస్తే ఎన్నిసార్లయినా కొత్త రక్తం అడగాలని చెప్పి, పాఠం ముగించింది. పిల్లలు సామాను సర్దుకుంటుంటే, రసాయనాల గది సర్దాలి కాస్త ఉండమని మెరిసాతో మామూలుగా అంది. వేడ్ కావాలని ఆలస్యం చేశాడు. బ్యాగు జిప్పు రెండుసార్లు తెరిచి మూశాడు. చివరికి ఐరీన్ చూపు తగిలాక బయటికి నడిచాడు. వారం రోజులుగా ఆ కుర్రాడు తన నుంచి దాచుకుంటున్నది సొంత తప్పు కాదని, స్నేహితురాలిదని ఆమెకి అప్పుడర్థమైంది.

ఆ గది ఇరుకైనది. అరల నిండా సీసాలు, ఒక స్టూలు. మెరిసా స్టూలు మీద కూర్చోలేదు.

“బోర్డు మీద నేను ఆవిడ అని రాశాను, మెరిసా.”

“అవును.”

“నువ్వు ఆయన అన్నావు.”

“నోరు జారింది.”

“చెయ్యి కమిలిందని కూడా నోరు జారే వచ్చిందా?”

మెరిసా అరల్లోని సీసాల మీద పేర్లు చదువుతున్నట్టు నిలబడింది. ఆ తర్వాత, ఎవరో ఆపిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టినట్టు చెప్పుకుపోయింది. ఆ పొద్దున మనుషులు చాలక ట్రెవారో ఆమెను ఒంటరిగా పై అంతస్తుకి పంపాడు. పక్కన పెద్దవాళ్ళు లేకుండా విద్యార్థులు రోగిని పొడవకూడదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు. రూడీ ఆమెను చూడగానే గుర్తుపట్టాడు. హైకినెన్ వాళ్ళ చిన్నపిల్లవి కదూ, రోజూ బస్సు ఆపించి పరిగెత్తుకొచ్చేదానివి అని నవ్వాడు. ఆ మాటలు వింటూనే ఆమె సూది గుచ్చింది. కణాల లెక్క కోసం ఊదా ట్యూబు ఎలాగో నిండింది. పసుపు ట్యూబుకి వచ్చేసరికి నరం మూసుకుపోయింది. గీత అందలేదు. ఆయనే, పర్లేదులే తల్లీ, ఇంకో చెయ్యి చూడమన్నాడట. రెండో చెయ్యి మొదటిదానికన్నా అన్యాయంగా ఉంది. చూడలేక వచ్చేసింది.

“పోసింది నువ్వేనా?”

“కాదు.”

“మరి?”

“గీత అందలేదని చెప్పి రెండు ట్యూబులూ టెస్సా చేతికిచ్చాను.”

ఐరీన్ అర పట్టుకుంది. ట్యూబుల ర్యాక్‌లో ఆ ట్యూబు ఉంది, ఎవరు పెట్టారో నేను చూడలేదు: ఇది టెస్సా తనకి చెప్పిన మాట. ఐరీన్ వంటింట్లో, బల్ల మీద రెండు చేతులూ పెట్టి చెప్పిన మాట. ఆ మాట మీద నిలబడే ఐరీన్ ఇన్నాళ్ళూ ఊళ్ళో ఒక్కొక్క తలుపూ కొట్టింది.

టెస్సా ఏమందని అడిగింది. ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ తల ఊపిందని, అక్కడ పెట్టమన్నట్టు చెయ్యి చూపించిందని చెప్పింది మెరిసా. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. ఇన్నాళ్ళు ఎందుకు దాచావని అడిగితే, ఆ సాయంత్రం ట్రెవారో తనను పక్కకి పిలిచాడంది.

“‘నువ్వసలు ఆ అంతస్తుకే వెళ్ళలేదు, అర్థమైందా’ అన్నాడు. చదువవగానే ఉద్యోగం ఇస్తానన్నాడు.”

“నువ్వు ఒప్పుకున్నావు.”

“ఒప్పుకున్నాను. టెస్సా కోసం మీరు ఊరంతా తిరుగుతున్నారు, మిసెస్ కాంగస్. నా పేరు బయటికొస్తే నా కోసం తిరుగుతారా?”

ఐరీన్ అర మీంచి చెయ్యి తీసింది. మెరిసా కోటు తొడుక్కుని వెళ్ళిపోయింది. ఆ పిల్ల అబద్ధం చెప్పిందా? చెప్పిందని అనడానికి ఒక్క ఆధారం లేదు. నిజం చెప్పిందని అనడానికీ లేదు. ఒక సంగతి మాత్రం తేలింది. ట్రెవారోకి మొదటి నుంచీ తెలుసు. పాడైన రక్తమని ఆయన అన్నది తెలియక కాదు, ఒంటరిగా పంపిన సంగతి మూసిపెట్టడానికి. అది చాలు, విచారణలో నోరు తెరవడానికి. అయితే ఆ నోటితోనే టెస్సా పేరు కూడా చెప్పవలసి వస్తుంది.

టెస్సా కాలేజీ ముందు తన పాత పికప్ ట్రక్కులో ఎదురుచూస్తోంది. ఐరీన్ కోసం మాంసం, బంగాళాదుంపలు కూరి కాల్చిన పేస్టీ ఒకటి కాగితంలో చుట్టి తెచ్చింది, వేడిగా. పొద్దుటి నుంచీ ఏమీ తిని ఉండరు తినండి అంది. ఐరీన్ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రోడ్డుకి రెండు పక్కలా మంచు మసిబారి గోడలా పేరుకుని ఉంది. టెస్సా విచారణలో ఎవరెవరు కూర్చుంటారో, తను ఏ రంగు చొక్కా వేసుకోవాలనుకుని మానేసిందో చెబుతూ నడుపుతోంది. చాలా రోజుల తర్వాత ఆ పిల్ల గొంతులో ఆశ వినపడింది.

“ఆ పొద్దున ట్యూబులు నీ చేతికి ఎవరిచ్చారు?” అంది ఐరీన్.

టెస్సా మాట ఆగింది. ట్రక్కు ఆగలేదు. వంతెన దాటింది.

“మెరిసా,” అంది చివరికి. “మీకు అబద్ధం చెప్పాను. ఒంటరిగా వెళ్ళి పొడిచిందని తెలిస్తే ఆ పిల్లని కాలేజీ నుంచి తీసేస్తారు. నా ఉద్యోగం ఎలాగూ పోయింది. ఇద్దరి బతుకూ ఎందుకు పోవాలి అనుకున్నాను.”

“గీత అందలేదని నీకు చెప్పిందా?”

“చెప్పింది. మళ్ళీ తీసుకురమ్మన్నాను. వెళ్ళింది, తెచ్చింది. నిండుగానే ఉంది. అంత త్వరగా ఎలా దొరికిందా నరం అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను.”

“నువ్వు పోయలేదు కదా, టెస్సా?”

టెస్సా ఒక్కసారి ఆమె వైపు తిరిగి, మళ్ళీ రోడ్డు వైపు చూసింది.

“నన్నే అడుగుతున్నారా, ఐరీన్?”

టెస్సా ‘కాదు’ అనలేదు. ఆ సంగతి ఐరీన్‌కి ఆస్పత్రి కనపడేదాకా తట్టలేదు. మనసుకి కష్టమనిపించి అనలేదా, అనడానికి నోరు రాక అనలేదా? మెరిసా ‘కాదు’ అని సూటిగా అంది. సూటిగా అన్నవాళ్ళు నిజం చెప్పినట్టేనా? ఇద్దరికీ సూది పట్టుకోవడం నేర్పింది తనే. ఇద్దరి చేతిరాతలూ, ఇద్దరి చేతులూ ఆమెకి తెలుసు. వాళ్ళ గురించి తనకి తెలిసింది అంతవరకేనని ఇప్పుడు తెలుస్తోంది.

విచారణ గది రెండో అంతస్తులో ఉంది. టెస్సాను ముందు వేరే గదిలో కూర్చోబెట్టారు. ట్రెవారో కారిడార్లో ఎదురుపడి, ఐరీన్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. ఇంత మంచులో వచ్చినందుకు థాంక్స్ అన్నాడు. ఆయన అరచేతులు చెమటతో తడిగా ఉన్నాయి. తలుపు పక్కన బెంచీ మీద ఒక ముసలావిడ ఒంటరిగా కూర్చుని ఉంది. మోకాళ్ళ దాకా బూట్లు, తలకి ఉన్ని గుడ్డ. రూడీ భార్య హిల్డా. ఆవిడను దూరం నుంచి చూడటమే గానీ ఐరీన్ ఎప్పుడూ మాట్లాడింది లేదు. చోటు చూపించి కూర్చోమంది ఆవిడ. మీరేనా ఆ పిల్లల టీచరు అని అడిగింది. ఐరీన్ అవునంది. ఇంకేమనాలో తెలియక, ఆయన గురించి చాలా బాధపడ్డానంది.

హిల్డా తల ఊపింది. ఆ మాట చాలామంది అన్నారు, దానికి ఆవిడ అలవాటు పడిపోయింది.

“ఆదివారం మీ పిల్లలిద్దరూ మా ఇంటికొచ్చారు,” అంది. “ఒకరొచ్చినట్టు ఇంకొకరికి తెలీదు. పొద్దున ఒకతె, సాయంత్రం ఆవిరి స్నానానికి సౌనా వేడి చేసుకునే వేళకి ఇంకొకతె. ఆ టెస్సా, హైకినెన్ వాళ్ళ పిల్లా.”

 ఇద్దరిలో ఎవరూ తనతో ఈ మాట అనలేదు.

“ఏమన్నారు?”

“ఇద్దరూ ఏడ్చారు. కాఫీ ఇస్తే తాగలేదు. ఒకతె మంచి మాటలు చాలా చెప్పింది, ఆయన బస్సు గురించీ, అందరూ ఆయన్ని ఎంత ఇష్టపడేవాళ్ళో. ఇంకొకతె ఏమీ చెప్పలేదు. వెళ్ళేముందు గుమ్మంలో నా కాళ్ళ దగ్గర కూలబడి క్షమించమంది. ఎందుకమ్మా అంటే చెప్పలేదు. నేను మళ్ళీ అడగలేదు.”

“ఎవరు?” అంది ఐరీన్. తన గొంతు తనకే కొత్తగా వినపడింది. “మిసెస్ సార్వెలా, ఎవరు క్షమించమంది?”

ముసలావిడ ఆమెను చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాలి కూడా లేదు.

“నన్నడుగుతున్నారా?” అంది. “ఇద్దరికీ నేర్పింది మీరు కదా.”

విచారణ గది తలుపు తెరుచుకుంది. ముందుగా ఐరీన్ కాంగస్‌ను లోపలికి రమ్మన్నారు.